బుగ్గన పెట్టుకున్న సీసం

రాసుకో భార్గవీ. ముందు నా పేరు రాయి. శేషమ్మ. ఊరు విడవలూరు దిక్కున సముద్రం ఒడ్డున ఒక పాళెం. వయసు అరవై దాటింది. ఎంత దాటిందో మీ నాయన్ని అడుగు, నాకు తెలియదు. ఇప్పుడు నా బుర్ర తేటగా ఉంది కాబట్టి చెబుతున్నాను. మళ్ళీ మబ్బు కమ్మితే ఈ సంగతి చెప్పే శేషమ్మ ఉండదు. నువ్వు కాలేజీకి పోయే పిల్లవు, దీన్ని తప్పుల్లేకుండా రాసి, మన వలల షెడ్డులోనూ పక్క పాళేల్లోనూ కూర్చునే ఆడవాళ్ళకు చదివి వినిపించాలి. చదివేటప్పుడు మాటలు మింగకు.

"అవ్వా, నెమ్మదిగా చెప్పు, చెయ్యి నొప్పి పుడతాంది" అంటావా? నా చెయ్యి ఎన్నాళ్ళు నొప్పి పుట్టిందో విను మరి.

వల అడుగు తాడుకు సీసం బరువులుంటాయి. అవి లేకపోతే వల నీళ్ళలో దిగదు. పాత వల చిరిగిపోతే ఆ సీసం ఊడదీసి, ఇనప గరిటెలో కరిగించి, పలచగా పోసి, ముక్కలు కోసి కొత్త తాడుకు చుట్టి నొక్కుతాం. నొక్కడానికి మగవాళ్ళకు సుత్తి ఉంది. మాకు పళ్ళున్నాయి. రెండు చేతులూ తాడు మీదే ఉంటాయి కాబట్టి నాలుగైదు ముక్కలు బుగ్గన పెట్టుకుంటాం. నాలుకతో ఒకటి ముందుకు తోసి, తాడు మీద పెట్టి, కొరుకుతాం. టక్కున మూసుకుంటుంది. మళ్ళీ ఇంకోటి. పెళ్ళయిన కొత్తలో నేను సుత్తి తీసుకుంటే మా అత్త నవ్వింది. "ఏమ్మే, మీ అమ్మ నీకు పళ్ళు పెట్టి పంపలేదా?" అంది. ఆ రోజు మొదలు నేను సుత్తి పట్టలేదు. పాళెంలో నా అంత వేగంగా కొరికే ఆడది లేదని పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ పేరు నాకు ఇష్టం. అబద్ధం ఎందుకు చెప్పాలి?

పోయిన ఏడు చలికాలంలో మొదలైంది. కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టు మెలిపెట్టేది. నిద్ర పట్టేది కాదు. కూర నోట్లో పెట్టుకుంటే తుప్పు నాకినట్టుండేది. అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకోటుంది. వల అల్లుతూ దాని కళ్ళు, అంటే రంధ్రాలు, లెక్కబెట్టేటప్పుడు మధ్యలో లెక్క జారిపోయేది. చిన్నప్పటి నుంచీ ఒక చెవిన సినిమా పాట వింటూ లెక్కపెట్టిన దాన్ని, ఇరవై దాటేసరికి ఎక్కడున్నానో తెలిసేది కాదు. పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. మీ అమ్మ సుజాత ఏమీ అనకుండా ఇంకాసిని నీళ్ళు పోసేది. అనకపోయినా నాకు కోపమొచ్చేది. ఆ కోపం ఎక్కడ నుంచి వచ్చేదో! ఒకరోజు చెంబు విసిరాను. నీ కాలికి తగిలింది. నువ్వు మర్చిపోయానంటావు గానీ, నీ మడమ దగ్గర మచ్చ నాకు రోజూ కనిపిస్తుంది.

నెల్లూరులో ఒక డాక్టరు దగ్గరికి మీ నాయన మస్తానయ్య తీసుకుపోయాడు. ఆయన నా మొహం చూశాడో లేదో కూడా గుర్తులేదు. "వయసమ్మా, వయసు" అన్నాడు. బలానికి మాత్రలు రాశాడు. బయటికొచ్చాక మీ నాయన, "మందుకు వయసు తగ్గుద్దా సార్ అని అడిగేసొస్తా, ఉండు" అన్నాడు. నేను నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. మా అత్త చివరి రోజులు గుర్తొచ్చాయి. ఆమె తన కొడుకునే గుర్తుపట్టేది కాదు. చేతులు మణికట్టు దగ్గర వేలాడిపోయేవి. గాలి సోకిందన్నారు అందరూ. నాకూ అదే రాబోతుందనుకున్నాను.

అప్పుడు చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం వచ్చింది. పడవలు ఒడ్డుకెక్కాయి. ఆ రెండు నెలలూ మాకు వలల పనే.

చిట్టి గురించి చెప్పాలిక్కడ. నీకు తెలుసు, పక్క పాళేలవాళ్ళకు తెలియదు. చిట్టి నీ చెల్లెలు, అప్పటికి మూడున్నరేళ్ళు. మాటలు రాలేదు. అమ్మ, అవ్వ, తా, అంతే. పిలిస్తే తిరిగేది కాదు. చెవుడేమోనని పరీక్ష చేయిస్తే చెవులు బాగున్నాయన్నారు. "మస్తానయ్యకు కూడా ఆలస్యంగానే వచ్చినాయి మాటలు, ఇప్పుడు ఆపమన్నా ఆపడు" అని నేనే అందరికీ చెప్పేదాన్ని. పగలంతా నా దగ్గరే ఉండేది. నేను పెరట్లో సీసం కరిగిస్తుంటే నా మోకాలికి ఆనుకుని కూర్చునేది. ఒకరోజు తడి ఇసుకలో ఒక ఎండు చేపను అదిమి, ఆ గుంటలో సీసం పోశాను. ఆరాక చూస్తే అచ్చం చేపే, పొలుసులతో సహా. చిట్టికిచ్చాను. ఇంక అది వదిలితే ఒట్టు. చేతిలో లేకపోతే నోట్లో. నిద్రపోయేటప్పుడు కూడా తోక బయటికి కనిపించేది. నేను మురిసిపోయేదాన్ని.

ఆ నిషేధం రోజుల్లోనే ఒక పొద్దున చిట్టిని చంకనేసుకుని ఒడ్డుకు పోయాను. ఆరేసిన వల తెచ్చుకోవాలి. పడవ నీడలో బిడ్డను కూర్చోబెట్టాను. వల మడిచి నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాను. పెరట్లో కూర్చుని తాడు సవరించుకుని, ముక్కలు బుగ్గన పెట్టుకుని పనిలో పడ్డాను.

సుజాత బియ్యం ఏరుతూ తలెత్తి అడిగింది. "చిట్టి యాడత్తా?"

నేను ఆమె మొహం చూసి అన్నాను. "ఏ చిట్టి?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అన్న తర్వాత కూడా నాకు ఏ చిట్టో తెలియలేదు. సుజాత చేట ఎక్కడ పడేసిందో, ఎప్పుడు గేటు దాటిందో! నేను లేచి ఆమె వెనక పరుగెత్తాను, ఎందుకు పరుగెత్తుతున్నానో తెలియకుండా. దారిలో సగంలో తెలిసింది.

ఒడ్డు మీద ముప్పై పడవలున్నాయి. ఎండకు నీడలు జరిగిపోయాయి, ఏ పడవో నాకు గుర్తు రావడం లేదు. అందరూ "చిట్టీ, చిట్టీ" అని అరుస్తున్నారు. పిలిస్తే "ఊ" అనే బిడ్డయితే నిమిషంలో దొరికేది. చిట్టి అనదు కదా. ప్రతి పడవ చుట్టూ తిరగాల్సొచ్చింది. చివరికి నీళ్ళ పక్కనున్న పడవ వెనక దొరికింది. ఇసుకలో కూర్చుని ఉంది. అలల నురగ కాళ్ళ దాకా వస్తోంది. నోట్లో సీసం చేప. ఏడవడం లేదు.

సుజాత నన్ను తిట్టలేదు. మర్నాడు చిట్టిని తీసుకుని బిట్రగుంటలో వాళ్ళ అన్న ఇంటికి బయలుదేరింది. ఆటో ఎక్కేటప్పుడు ఒక్క మాటంది. "అత్తా, నిన్ను నేను తప్పుపట్టను. కానీ ఇంక బిడ్డను నీకాడ వదల్లేను." నేను "సరేమ్మా" అన్నాను. నువ్వు నా కొంగు పట్టుకుని నిలబడ్డావు. ఆ రోజు నువ్వు కూడా పోతావేమోనని నేను నీ జడ వదల్లేదు.

తర్వాతి వారం మీ నాయన నన్ను నెల్లూరులోనే పెద్దాసుపత్రికి, నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. హాలు నిండా జనం. మా టోకెన్ రావడానికి మధ్యాహ్నం అవుతుందన్నారు. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. నిషేధం అయిపోవస్తోంది, వల సిద్ధం కాలేదు. అందుకని బొడ్లో చిన్న సంచిలో సీసం ముక్కలు, బుట్టలో తాడు చుట్ట తెచ్చుకున్నాను. కొరకడం మొదలుపెట్టాను. పక్కన నాయుడుపేట నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. కరుణమ్మగారు. మెడలో చిన్న సిలువ. వాళ్ళాయనకు పక్షవాతం. నా పని చూసి, "ఏమక్కా, ఆసుపత్రిలోనే చేపలు పడతావా ఏంది?" అంది. "పడితే నీకు రెండు కొర్రమీన్లు ఇస్తాలే" అన్నాను. "సముద్రంలో కొర్రమీనెక్కడిదక్కా?" అని ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఆ తప్పు నాకు తెలియలేదు మరి.

అప్పుడే ఒక కుర్ర డాక్టరమ్మ ఫైళ్ళు పట్టుకుని అటు పోతూ నా ముందు ఆగింది. ఉబ్బిన నా బుగ్గ చూసింది.

"అమ్మా, వక్కాకు ఇక్కడ నమలకూడదు. బయట ఊసేసి రండి."

"వక్కాకు కాదమ్మా" అన్నాను బుగ్గ నింపుకునే.

"మరేంటి? నోరు తెరవండి."

అరచేతిలోకి ఊశాను. నాలుగు ముక్కలు. పంటి గాట్లు పడి, ఉమ్మితో మెరుస్తున్నాయి. డాక్టరమ్మ ఫైళ్ళు కరుణమ్మగారి ఒళ్ళో పెట్టేసి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆసుపత్రిలో ఒక డాక్టరు నా కంటే కిందుగా కూర్చోవడం అదే మొదలు.

"ఇది సీసమా? ఎన్నేళ్ళ నుంచి ఇట్లా పెట్టుకుంటున్నారు?"

"పెళ్ళయినప్పటి నుంచి."

"కరిగిస్తారా? ఎక్కడ?"

"పెరట్లో. పొయ్యి మీద."

ఆమె నా గుప్పిట మూసి, "ఇది విషం, ఇంక నోట్లో పెట్టుకోకండి, చేతులు కడుక్కోండి" అంది. లేచి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా అమ్మా?"

ఎందుకడిగిందో ఆమె చెప్పకముందే తెలిసిపోయింది నాకు. అంతసేపూ మబ్బు కమ్మిన బుర్ర ఆ ఒక్క క్షణం అద్దంలా తేటపడింది. తేటపడకపోయినా బాగుండేదనిపించింది.

మీ నాయన స్కానింగు కౌంటరు దగ్గర వరసలో ఉన్నాడు. ఫోన్ నా దగ్గరుంది. సుజాతకు చెయ్యాలి. ఒక అంకె కోసం పోతే ఇంకోటి తగులుతోంది. కరుణమ్మగారు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "పేరు చెప్పక్కా, నేను వెతుకుతా" అంది. పేరు. మా ఇంటి కోడలి పేరు. నాకు రాలేదు. నోరు తెరిచి కూర్చున్నాను. ఆమె తొందరపెట్టలేదు. "నిదానంగా, నిదానంగా" అంటూ నా వీపు మీద చెయ్యి పెట్టింది. తర్వాత ఫోన్లో పేర్లు ఒక్కోటే చదివింది. సుజాత అనగానే "అదే, అదే" అని అరిచాను. హాలంతా తిరిగి చూసింది.

"అమ్మా, చిట్టికిచ్చిన చేప ఉంది చూడు, దాన్ని పారెయ్. లేదు లేదు, పారెయ్యొద్దు, డబ్బాలో పెట్టి మూత బిగించు. బిడ్డకు రక్తం పరీక్ష చేయించాలంట. నా వల్లే. డాక్టరమ్మ చెప్పింది."

ఫోన్ కట్టయిందనుకున్నాను. అప్పుడు సుజాత గొంతు, చాలా చిన్నగా.

"ఇప్పుడు కూడా నోట్లోనే ఉండాదత్తా."

కరుణమ్మగారు మధ్యాహ్నం తన పెరుగన్నం డబ్బాలో సగం నాకు పెట్టింది. ఆమె బిడ్డ పేరు అడిగి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నేను గంగమ్మకు మొక్కుకున్నాను. ఒకే బెంచీ మీద నుంచి రెండు మొక్కులు పోయాయి.

రక్తం నమూనాలు మద్రాసు పంపించారు. నాది, చిట్టిది, నీది, మీ అమ్మానాన్నలది. వారం పడుతుందన్నారు. ఆ వారం గురించి ఎక్కువ చెప్పలేను. నువ్వు సూదికి ఏడవలేదు. చిట్టి కూడా ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. చేప కోసం మాత్రం మూడు రోజులు ఏడ్చిందంట. ఆ ఏడుపు ఫోన్లో వినిపించమని సుజాతను అడిగాను. "ఎందుకత్తా?" అంది. ఎందుకో నాకే తెలియదు.

ఫలితాల రోజు అందరం అదే హాల్లో కూర్చున్నాం. సుజాత బిట్రగుంట నుంచి నేరుగా వచ్చింది. నాకూ ఆమెకూ మధ్య ఒక కుర్చీ ఖాళీ. చిట్టి నన్ను చూసి వచ్చి నా బొడ్లో సంచి కోసం వెతికింది. చేప ఉందేమోనని. నేను చేతులు రెండూ చాపి, "లేదమ్మా, లేదు" అన్నాను. సుజాత మొహం పక్కకు తిప్పుకుంది.

లోపల డాక్టరమ్మ కాగితాలు పరిచింది. రక్తంలో సీసం ఎంతుందో చెప్పే అంకె చిట్టిది నా దాని కంటే పెద్దది. ఇది రాసేటప్పుడు కింద గీత గియ్యి భార్గవీ. జీవితమంతా కొరికిన నా కంటే మూడున్నరేళ్ళ బిడ్డకు ఎక్కువ. నీదీ మీ అమ్మదీ కొంచెం, మీ నాయనది ఇంకొంచెం.

"ఆసుపత్రిలో చేర్చి మందులివ్వాల్సినంత లేదు" అంది డాక్టరమ్మ. "ఇంట్లోంచి సీసం పోవాలి. పాలు, ఆకుకూరలు, రాగి, ఇనుము సిరప్ పట్టండి. నెలకోసారి రక్తం చూద్దాం, తగ్గుతుంది. మాటలు నేర్పే టీచరు దగ్గరికి వారం వారం తీసుకురండి."

"మాటలు దీనివల్లే రాలేదా మేడం?" మీ నాయన అడిగాడు.

"దీనివల్లేనని ఒట్టేసి చెప్పలేను. దీనివల్ల కాదనీ చెప్పలేను. పెద్దవాళ్ళకు కొంచెం అనిపించేది, పెరిగే మెదడుకు కొంచెం కాదు. ఎంత తిరిగొస్తుందో చూడాలి."

"ఎన్నాళ్ళు చూడాలి?"

"చూడాలి" అంది ఆమె మళ్ళీ. అబద్ధం చెప్పలేదు, అందుకే ఆమె మీద నాకు గౌరవం. నా సంగతి కూడా చెప్పింది. సీసం ఎముకల్లో దాక్కుంటుందట. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం రక్తంలోకి వస్తుందట. ఇప్పుడు మానేస్తే మతిమరుపు కొంత తగ్గొచ్చు, అంతా తగ్గదు.

బయటికొచ్చాక నేను సుజాత ముందు చేతులు జోడించాను. అత్త కోడలికి దండం పెట్టడం నీకు వింతగా ఉండొచ్చు. ఆమె నా చేతులు విదిలించింది. కోపం అనుకున్నాను.

"నువ్వొక్కదానివేనా?" అంది. "చిట్టి కడుపులో ఉన్నప్పుడు నేనూ కొరకలేదా? నిండు నెలల్లో కూడా కూర్చుని కొరికినాను. నీకంటే యేగంగా కొరకాలని పందెం కూడా కట్టినాను గదా అత్తా."

ఇద్దరం ఆ ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాం. మధ్యలో ఖాళీ లేదు. ఆమె ఏడుస్తుంటే చిట్టి ఆమె చెవి కమ్మ పట్టుకుని ఆడుకుంటోంది. నాకు మా అత్త గుర్తొచ్చింది, ఆమె వేలాడే చేతులు. ఆమెకొచ్చింది ఇదేనా? డాక్టరమ్మను అడిగితే, "ఇప్పుడెట్లా చెప్తామమ్మా" అంది. నిజమే. అడగడానికి ఆమె లేదు.

చిట్టి ఇంకో నెల బిట్రగుంటలోనే ఉంది. ఈలోగా ఇల్లు మార్చాం. పెరట్లో పొయ్యి చుట్టూ ఇసుక జానెడు లోతు తీసి సంచుల్లో కట్టించాం. చీపురు కూడదన్నారు, దుమ్ము లేస్తుందని. నేల, కిటికీలు తడిగుడ్డతో నువ్వూ నేనూ తుడిచాం. నువ్వు తుడిచిన చోట నేను మర్చిపోయి మళ్ళీ తుడిచేదాన్ని. "పోనీలే అవ్వా, రంగేసినట్టు రెండు కోటింగులు" అనేదానివి. వలలు ఇంట్లోంచి షెడ్డుకు పోయాయి. మీ నాయన మొదట్లో గొణిగాడు. "మీ అమ్మ, మా అవ్వ అందరూ కొరికినారు, అందరూ బతకలేదా?" అన్నాడు. "మీ అవ్వ ఎట్టా బతికిందో నువ్వు చూసినావు గదరా" అన్నాను. మర్నాడు విడవలూరు పోయి పట్టకారు కొనుక్కొచ్చాడు.

ఆ పట్టకారుతో షెడ్డుకు పోయిన రోజు చూడాలి. "శేషమ్మ పట్టకారు తెచ్చిందే! ఇంక వల కట్టదు, మోటారు బండ్లు రిపేరు చేస్తాది" అని ఒకతె. "పళ్ళు ఊడినాయని చెప్పేదానికి సిగ్గు" అని ఇంకొకతె. అంతా బుగ్గలు ఉబ్బించుకునే నవ్వారు. మా అత్త నవ్వితే పడ్డాను గానీ, ఇంకెవరు నవ్వినా తిట్టేదాన్ని. ఆ రోజు తిట్టలేదు. మధ్యలో కూర్చుని, ఒడ్డున బిడ్డను మరిచి వచ్చి "ఏ చిట్టి?" అని అడిగిన సంగతి చెప్పాను. వాళ్ళు ఆ రోజు పడవల చుట్టూ వెతికినవాళ్ళే. అడిగిన మాట మాత్రం వాళ్ళకు తెలియదు. సుజాత ఎవరికీ చెప్పలేదు. చెప్పడం అయిపోయాక ఒకతె కొంగు అడ్డం పెట్టుకుని చేతిలోకి ఊసింది. కడుపుతో ఉన్న పిల్ల. అందరూ ఊయలేదు. ఇప్పటికీ కొరికేవాళ్ళున్నారు. అందుకే ఇది రాయిస్తున్నాను.

చిట్టి తిరిగొచ్చేసరికి వానలు మొదలయ్యాయి. నెల నెలా సూది. అంకె తగ్గుతోంది. మాటలు మాత్రం అంకె అంత తొందరగా రాలేదు. నెల్లూరులో ఆ టీచరమ్మ అద్దం ముందు కూర్చోబెట్టి "పా, బా, మా" అనిపించేది. బస్సులో వస్తూ నేనూ చిట్టితో పాటు అనేదాన్ని. కండక్టరు మమ్మల్ని ఇద్దర్నీ చూసి టికెట్ ఇవ్వడం మర్చిపోయేవాడు. దసరాకు "నీళ్ళు" అంది. కార్తీకంలో "అక్క రా" అంది. నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చి బొక్కబోర్లా పడ్డావు.

నా సంగతి అడిగితే, కడుపు నొప్పి పోయింది. కోపం తగ్గింది. నిద్ర వస్తోంది. కొన్ని పేర్లు ఇంకా జారిపోతాయి. వల కళ్ళు లెక్కపెట్టేటప్పుడు పదికోసారి దారానికి ముడేసుకుంటాను. చిట్టిని ఒడ్డుకు ఒంటరిగా తీసుకుపోను. ఎవరూ వద్దనలేదు, నేనే పోను.

నిన్నటి సంగతి చెప్పి ఆపుతాను. షెడ్డులో తాడు ముందేసుకుని కూర్చున్నాను. చిట్టి గుమ్మం బయటే నిలబడింది, లోపలికి రాకూడదని దానికి తెలుసు. పట్టకారు నా చేతిలోనే ఉంది. కానీ యాభై ఏళ్ళ అలవాటమ్మా. ఏదో ఆలోచిస్తూ చెయ్యి ముక్క తీసుకుని పెదవుల దాకా తెచ్చింది.

"అవ్వా."

తలెత్తాను. బయట నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది, అచ్చం సుజాత లాగా.

"అది పెట్టుకోవద్దు. నోరు తెరువు, చూస్తా."

నేను లెక్కపెట్టాను. ఒక్కటి కూడా జారలేదు. అయిదు మాటలు. ముక్క కింద పడేసి, చేతులు కడుక్కుని, గుమ్మం దాకా పోయి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నోరు తెరిచాను. అది వంగి ఈ బుగ్గ చూసింది, ఆ బుగ్గ చూసింది, నాలుక ఎత్తమని సైగ చేసి అడుగున కూడా చూసింది.

"ఏం లేదు" అంది.